కడుపుతో ఉన్నప్పుడు యోగా: పదే పదే అడిగే ప్రశ్నలు

విజయవాడ మొగల్రాజపురంలో ఎనిమిదేళ్ళుగా కడుపుతో ఉన్నవాళ్ళకు యోగా నేర్పుతున్నాను, వారానికి రెండు రోజులు గుంటూరు బ్రాడీపేటలో కూడా క్లాసు ఉంటుంది. కొత్తగా చేరేవాళ్ళు అడిగేవీ ఇవే, రాత్రి పదకొండింటికి టెన్షన్‌తో మెసేజ్ పెట్టి అడిగేవీ ఇవే, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు ఏ నెల నడుస్తుంటే నేరుగా ఆ భాగానికి వెళ్ళిపోండి, ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. నేను యోగా నేర్పేదాన్ని, డాక్టర్ని కాదు. మీ రిపోర్టులు చూసిన డాక్టరమ్మ ఒకటి చెప్పి, ఇక్కడ ఇంకోలా ఉంటే ఆవిడ మాటే వినండి.

## మొదలుపెట్టే ముందు

యోగా చేస్తే నార్మల్ డెలివరీ అవుతుందా? గ్యారంటీ ఉందా?

గ్యారంటీ లేదు. ఎవరైనా ఉందని చెబితే నమ్మకండి.

నార్మల్ కావాలంటే బిడ్డ తల కిందికి ఉండాలి, మాయ దారికి అడ్డం ఉండకూడదు, నొప్పులు సరిగ్గా రావాలి, గర్భసంచి ముఖద్వారం తెరుచుకోవాలి, అన్ని గంటల నొప్పుల్ని బిడ్డ గుండె తట్టుకోవాలి. వీటిలో మన చేతిలో ఉన్నది చాలా కొంచెం. నా మొదటి కాన్పుకి ముందు నేను వెళ్ళిన ఒక క్లాసులో "మా దగ్గర చేసినవాళ్ళందరికీ నార్మలే" అని చెప్పారు, నేను నమ్మాను, ఒక్క రోజు కూడా మానకుండా వెళ్ళాను. పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాక బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని సిజేరియన్ చేశారు. బిడ్డ క్షేమం, నేను క్షేమం, అయినా నెలరోజులు ఏడ్చాను, నేనే ఏదో సరిగ్గా చేయలేదు కాబోలని. ఆ ఏడుపు ఇంకో అమ్మాయి ఏడవకూడదనే నేను ఈ పనిలోకి వచ్చాను. అందుకే మా క్లాసులో మొదటి రోజే ఈ మాట చెప్పేస్తాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం ఉంటే మన ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ఇంత తేడాకి కారణాలు చాలా ఉన్నాయి, ఆడపిల్లలు యోగా చేయకపోవడం మాత్రం వాటిలో లేదు.

అలాంటప్పుడు చేయడం ఎందుకు? కాన్పుకి నిజంగా ఏమైనా ఉపయోగం ఉందా?

ఉంది. 2008లో థాయ్‌లాండ్‌లో తొలిచూలు గర్భిణుల మీద చేసిన పరిశోధన ఒకటుంది, మొత్తం 74 మంది. వాళ్ళలో సగం మంది ఏడో నెల నుంచి గంట చొప్పున ఆరుసార్లు క్లాసుకి వచ్చి, ఇంట్లో కూడా చేసుకున్నారు. చేయని సగం మందితో పోలిస్తే వీళ్ళకి నొప్పి తక్కువగా అనిపించింది, కాన్పులో మొదటి దశ తొందరగా అయింది. 2005లో బెంగళూరులో 335 మందితో చేసిన దానిలో యోగా చేసినవాళ్ళకి రెండున్నర కిలోలు, ఆపై బరువుతో పిల్లలు పుట్టడం ఎక్కువ, నెలలు నిండకుండా నొప్పులు రావడం తక్కువ.

కాకపోతే మొదటిది చిన్న పరిశోధన. రెండోదానిలో ఎవరు యోగా చేయాలో చీటీలు తీసి నిర్ణయించలేదు, రోజూ గంటసేపు చేసే ఓపిక ఉన్నవాళ్ళు తిండి విషయంలో, చెకప్‌ల విషయంలో కూడా శ్రద్ధగానే ఉండి ఉంటారు కదా. అందుకని వీటిని పట్టుకుని పెద్ద పెద్ద మాటలు చెప్పను. నా క్లాసులో కళ్ళారా చూసేది మాత్రం చెప్పగలను: నడుం నొప్పి తగ్గుతుంది, నిద్ర పడుతుంది, భయం తగ్గుతుంది, నొప్పులొచ్చినప్పుడు ఊపిరి బిగబట్టకుండా ఉండటం అలవాటవుతుంది. ఇవి చాలవా?

ఎవరు అసలు చేయకూడదు?

రక్తస్రావం అవుతున్నవాళ్ళు, ఉమ్మనీరు పోతున్నవాళ్ళు, నెలలు నిండకముందే నొప్పులు వచ్చినవాళ్ళు, గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉందని చెప్పినవాళ్ళు లేదా దానికి కుట్టు వేయించుకున్నవాళ్ళు, బీపీ పెరిగి మూత్రంలో ప్రోటీన్ పోతున్నవాళ్ళు, ఏడో నెల వచ్చినా మాయ కిందే ఉన్నవాళ్ళు, గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో గట్టిగా ఉన్నవాళ్ళు ఆసనాలు చేయకూడదు. కవలలైతే డాక్టరు గారు సరేనంటేనే. ఈ లిస్టులో ఉన్నా కూడా కుర్చీలో కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీసి వదలడానికి చాలామందికి ఒప్పుకుంటారు, అడిగి చూడండి.

మా అత్తగారు వద్దంటున్నారు. చేతులు పైకెత్తినా, వంగినా పేగు బిడ్డ మెడకు చుట్టుకుంటుందట. నిజమేనా?

కాదు. ఉమ్మనీటిలో బిడ్డ దొర్లుతూ తిరుగుతుంటుంది కాబట్టి పేగు చుట్టుకుంటుంది. మీరు దండెం మీద బట్టలు ఆరేయడం వల్ల కాదు, తాడాసనంలో చేతులెత్తడం వల్ల కాదు. పుట్టే ప్రతి నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికి పేగు మెడకు చుట్టుకునే ఉంటుంది, వాళ్ళలో ఎక్కువమందికి ఏమీ కాదు, తల బయటికి రాగానే డాక్టరు తీసేస్తారు.

ఈ విషయం మీద అత్తగారితో గొడవ పెట్టుకోవద్దు. ఆవిడ భయం మీ మీద ప్రేమ కొద్దీ వచ్చింది. ఒక రోజు క్లాసుకి వెంట తీసుకురండి. వచ్చి గోడవారన కుర్చీలో కూర్చుని చూసిన పెద్దవాళ్ళు చాలామంది "ఓస్, ఇంతేనా, మేము తిరగలి దగ్గర చేసిందేగా" అని వెళ్ళారు.

ఇంటి పనంతా నేనే చేసుకుంటున్నాను, మళ్ళీ యోగా ఎందుకు?

మన అమ్మమ్మలు గొంతుక్కూర్చుని రుబ్బారు, నేల తుడిచారు, ముగ్గులు పెట్టారు, నూతిలో నీళ్ళు తోడారు. ఇప్పుడు మన పని నిలబడి వంట గట్టు దగ్గర, తర్వాత కుర్చీలో ల్యాప్‌టాప్ ముందు. ఒళ్ళు అలిసిపోతుంది కానీ తుంటి కీళ్ళు కదలవు, నడుం మీద బరువంతా ఒకే చోట పడుతుంది. ఇంటి పనిలో ఊపిరి మీద ధ్యాస కూడా ఉండదు. రోజంతా పని చేసిన మనిషికి అరగంట కూర్చుని తన ఒంటిని తాను చూసుకోవడం కూడా అవసరమే, దాన్ని ఇంకో పని కింద లెక్కేయకండి.

డాక్టరమ్మ బెడ్ రెస్ట్ అన్నారు. ఐవీఎఫ్ ప్రెగ్నెన్సీ కూడా. చేయొచ్చా?

ముందు ఎందుకు రెస్ట్ అన్నారో అడగండి. రక్తస్రావం వల్లా, కుట్టు వేసినందుకా, లేక "ఇన్నేళ్ళకి నిలిచింది, జాగ్రత్త" అనా? మొదటి రెండూ అయితే ఆసనాల మాటే ఎత్తొద్దు. మూడోదైతే, ఐవీఎఫ్ గర్భం నిలిచి అంతా బాగుంటే అది కూడా మామూలు గర్భమే, నెలల తరబడి మంచం మీద ఉండటం వల్ల గర్భం నిలుస్తుందని రుజువు లేదు. కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. "పడుకునే ఉన్నా పాదాలు తిప్పొచ్చా, ఇంట్లో నడవొచ్చా, ఎప్పటి నుంచి యోగా చేయొచ్చు" అని ఈ మూడూ కాగితం మీద రాసుకెళ్ళి అడగండి. ఓపీలో కూర్చున్నాక అన్నీ మర్చిపోతాం.

మంచి ట్రైనర్ అని ఎలా తెలుస్తుంది?

మొదటి రోజు మీకు ఎన్నో వారం, బీపీ ఎంత, స్కాన్‌లో మాయ ఎక్కడుంది, ఇంతకుముందు కాన్పులెలా అయ్యాయి అని అడగాలి. అడక్కుండా చాప వేసుకోమన్నారంటే లేచి వచ్చేయండి. మామూలు బ్యాచ్‌లో, పొట్ట తగ్గించుకోవడానికి వచ్చినవాళ్ళ మధ్యలో కడుపుతో ఉన్న మనిషిని నిలబెట్టి "మీకు కుదిరినవి చేయండి" అనేవాళ్ళ దగ్గర అసలు వద్దు.

## మొదటి మూడు నెలలు

ఎన్నో నెల నుంచి మొదలుపెట్టాలి?

ఇంతకుముందు ఎప్పుడూ చేయనివాళ్ళు మూడు నెలలు నిండి, ఎన్‌టీ స్కాన్ (మూడో నెల చివర బిడ్డ మెడ వెనక నీరు చూసే స్కాన్) అయ్యాక రండి. పద్నాలుగో వారం అనుకోండి. ముందు నుంచీ చేస్తున్నవాళ్ళు ఆపాల్సిన పని లేదు, తేలిక చేసుకుంటే చాలు. ఆరో నెలలో వచ్చినా, ఎనిమిదిలో వచ్చినా ఆలస్యమైందని అనుకోకండి, ఊపిరి నేర్చుకోవడానికి ఎప్పుడైనా టైమ్ ఉంది.

యోగా చేస్తే గర్భం పోతుందేమోనని భయంగా ఉంది.

మొదటి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల తేడాల వల్ల పోతాయి. అది పిండం ఏర్పడినప్పుడే నిర్ణయమైపోయింది. ఆరోగ్యంగా ఉన్న గర్భం తేలికపాటి ఆసనాల వల్ల, నడక వల్ల పోదు. ఇంతకుముందు ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళు ఈ ప్రశ్న అడిగినప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది, ఎందుకంటే దాని వెనక "అప్పుడు నేనేం తప్పు చేశాను" అనే ప్రశ్న ఉంటుంది. మీరు ఏ తప్పూ చేయలేదమ్మా. భయం తగ్గేదాకా ఆగండి, ఉట్టినే భ్రామరి చేసుకోండి, కళ్ళు మూసుకుని తుమ్మెదలా ఊ అని, చెవులు గట్టిగా నొక్కకుండా, ఐదారుసార్లు.

వేవిళ్ళతో లేవలేకపోతున్నాను.

అయితే పడుకోండి. ఇప్పుడు యోగా అవసరం లేదు. నీళ్ళు కూడా నిలవకపోతే, మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తుంటే ఆసుపత్రికి వెళ్ళాలి.

రోజూ కపాలభాతి చేసే అలవాటు నాది. మానేయాలా?

మానేయాలి, తొమ్మిది నెలలూ. కపాలభాతి, భస్త్రికలో పొట్టని జోరుగా లోపలికి కొడతాం, అది ఇప్పుడు వద్దు. ఊపిరి బిగబట్టే కుంభకం వద్దు, పొట్టని లోపలికి పీల్చే ఉడ్డియాన బంధం, నౌలి వద్దు. బోర్లా పడుకుని చేసే ధనురాసనం, శలభాసనం, తలకిందులుగా చేసే శీర్షాసనం, సర్వాంగాసనం, పొట్ట నలిగేలా నడుం తిప్పేవి కూడా పక్కన పెట్టండి. వాటి బదులు నాడీశోధన, బిగబట్టకుండా, ఒక ముక్కుతో తీసుకుని ఇంకో ముక్కుతో వదలడం.

## నాలుగు నుంచి ఆరో నెల దాకా

ఏ ఆసనాలు చేయాలి, రోజూ ఎంతసేపు?

వారానికి 150 నిమిషాలు ఒళ్ళు కదిలితే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులకు చెబుతోంది, అంటే వారంలో ఐదు రోజులు, రోజుకి అరగంట. నడక, యోగా కలిపి లెక్కేసుకోండి. మాట్లాడుతూ చేయగలిగేంత వేగం చాలు, ఆయాసంతో మాట ఆగిపోతే ఎక్కువైందని.

మా క్లాసులో గోడ పట్టుకుని తాడాసనంతో మొదలుపెడతాం. తర్వాత చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి మార్జాలాసనం, నడుం నొప్పికి దీన్ని మించింది లేదు. అరికాళ్ళు రెండూ కలిపి మోకాళ్ళు పక్కలకి వాల్చే బద్ధకోణాసనం, దీన్నే సీతాకోకచిలుక అంటాం. కుర్చీ ఆసరాతో, ఒక కాలు ముందుకి వేసి మోకాలు వంచి నిలబడే వీరభద్రాసనం, తొడలకి బలం వస్తుంది. చివర ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పది నిమిషాలు పడక.

ఒక్క జాగ్రత్త. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో కీళ్ళ పట్టు వదులవుతుంది, అందుకని ఇంతకుముందు వంగనంత ఇప్పుడు వంగగలుగుతారు. అలా వంగకండి. ఎక్కడిదాకా హాయిగా ఉందో అక్కడే ఆగాలి. కిందికి గట్టి తోపుడు వచ్చినా, పొత్తికడుపు కింద కటి ముందు ఎముక దగ్గర పోటు వచ్చినా అది తప్పు. టైల్స్ మీద చాప జారుతుంది, బొంత పరుచుకుని దాని మీద చాప వేయొద్దు, అది ఇంకా జారుతుంది, రబ్బరు చాప నేల మీదే వేయండి.

వెల్లకిలా పడుకోకూడదంటారు. మరి శవాసనం ఎలా?

ఇరవై వారాలు దాటాక గర్భసంచి బరువు వెన్నెముక పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడుతుంది, కొందరికి కళ్ళు తిరుగుతాయి, చెమటలు పడతాయి. అందుకే పక్కకి తిరిగి చేయిస్తాం. రాత్రి మెలకువ వచ్చి చూస్తే వెల్లకిలా ఉన్నానని ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు. అంత భయం వద్దు, పక్కకి తిరిగి పడుకోండి, అంతే. 2015లో అమెరికాలో 35 వారాలు దాటిన ఆరోగ్యవంతులైన 25 మందితో 26 ఆసనాలు చేయించి బిడ్డ గుండె చప్పుడు చూశారు, శవాసనంతో సహా దేనిలోనూ ఇబ్బంది కనిపించలేదు. కాసేపటికి ఏమీ కాదు, గంటల తరబడి పడుకోవడం వద్దు.

టిఫా స్కాన్‌లో (ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) మాయ కిందికి ఉందన్నారు. క్లాసు మానేయాలా?

ఐదో నెలలో కిందికి ఉన్న మాయ చాలామందికి గర్భసంచి పెరిగేకొద్దీ పైకి వెళ్ళిపోతుంది. ఏడు, ఎనిమిది నెలల్లో మళ్ళీ స్కాన్ చేసి చూస్తారు. అప్పటిదాకా గొంతుక్కూర్చునేవి వద్దు, కూర్చుని ఊపిరి, భుజాలు, మెడ కదలికలు డాక్టరు సరేనంటే చేసుకోవచ్చు. ఒక్క చుక్క రక్తం కనపడినా వెంటనే ఆసుపత్రికి.

హిమోగ్లోబిన్ 9 ఉంది, యోగాతో పెరుగుతుందా?

పెరగదు. ఇనుము మాత్రతో, తిండితో పెరుగుతుంది. గర్భిణుల్లో 11 కంటే తక్కువుంటే రక్తం తక్కువని లెక్క, మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఇలాగే ఉన్నారు. మాత్ర వేసుకుని వెంటనే కాఫీ, టీ తాగకండి, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకండి, నిమ్మరసంతో అయితే ఇంకా మంచిది. 9 ఉన్నవాళ్ళు కూర్చుని చేసేవి నెమ్మదిగా చేయొచ్చు, కళ్ళు తిరిగితే ఆపేయాలి. 7 కంటే తగ్గితే ముందు వైద్యం, యోగా సంగతి తర్వాత. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చెకప్ ఉంటుంది, రక్తం పరీక్షకి డబ్బులు లేక ఆగకండి.

షుగర్ వచ్చిందన్నారు.

ఈ ఒక్క విషయంలో ఒళ్ళు కదపడం మందులాగే పనిచేస్తుంది. కండరాలు కదిలితే రక్తంలో చక్కెరని వాడుకుంటాయి. భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు నడవండి, ఆసనాలు తిన్న రెండు గంటలకి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఖాళీ కడుపుతో చేయొద్దు, చక్కెర పడిపోతుంది. దగ్గర ఒక గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్ ఉంచుకోండి.

మే నెల ఎండల్లో చేయొచ్చా?

బెజవాడ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి ఏడింటికల్లా ముగించండి. డాబా మీద వద్దు, సాయంత్రం దాకా అది కాలుతూనే ఉంటుంది. ఒళ్ళు బాగా వేడెక్కడం బిడ్డకి మంచిది కాదు, మొదటి నెలల్లో అసలు మంచిది కాదు. కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే క్లాసు కూడా ఆపేస్తాం, ఎవరేమనుకున్నా సరే. చేసే ముందు గ్లాసు నీళ్ళు, చేశాక ఉప్పేసిన పల్చటి మజ్జిగ. రోహిణి కార్తెలో రెండు వారాలు ఆసనాలు తగ్గించి ఇంట్లో ప్రాణాయామం మాత్రమే చేసినా నష్టం లేదు.

## ఏడో నెల నుంచి

రాత్రుళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి, గుండెల్లో మంట.

పిక్క పట్టినప్పుడు కాలు చాచి బొటనవేళ్ళు మీ వైపుకి లాక్కోండి, అప్పటికప్పుడు వదులుతుంది. పడుకునే ముందు గోడకి చేతులు ఆనించి పిక్కలు సాగదీస్తే రాత్రి బాధ తగ్గుతుంది. ఒక్క కాలే వాచి, ఎర్రబడి, వేడిగా నొప్పిగా ఉంటే మాత్రం అది వేరే, డాక్టరుకి చూపించాలి.

గుండెల్లో మంటకి తిన్నాక వజ్రాసనంలో, అంటే మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చుని, ఐదు నిమిషాలు, మోకాళ్ళ నొప్పి లేకపోతే. గుంటూరు క్లాసులో చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది కానీ, రాత్రిపూట ఆ కొరివికారం, పచ్చిమిరపకాయ పచ్చడి రెండు నెలలు ఆపండి.

గొంతుక్కూర్చుంటే నొప్పులు ముందే వచ్చేస్తాయా?

ఆరోగ్యంగా ఉన్న గర్భంలో రావు. గొంతుక్కూర్చున్నప్పుడు కటి ఎముకల కింది దారి కొంచెం వెడల్పవుతుంది, అందుకే మలాసనం చేయిస్తాం. కింద రెండు ఇటుకలంత ఎత్తు పీట వేసుకుని, గోడకి వీపు ఆనించి, అర నిమిషంతో మొదలుపెట్టండి. ముఖద్వారం పొట్టిగా ఉన్నవాళ్ళు, మాయ కిందికి ఉన్నవాళ్ళు, మొలలు బాగా బాధపెడుతున్నవాళ్ళు, ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డ తల్లులు చేయొద్దు.

బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. ఆసనంతో తిప్పొచ్చా?

తిరుగుతుందని రుజువు లేదు. ముప్పై రెండో వారంలో ఎదురుకాళ్ళతో ఉన్న పిల్లలు చాలామంది వాళ్ళంతట వాళ్ళే తిరుగుతారు, అప్పుడు ఎవరు ఏ ఆసనం చెప్పి ఉంటే ఆ ఆసనానికి పేరొస్తుంది. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు నలుగురే అలా మిగులుతారు. ముప్పై ఆరు వారాలు దాటాక డాక్టరు పొట్ట మీద చేతులతో తిప్పే పద్ధతి ఉంది, అది ఆసుపత్రిలోనే. ఇంట్లో ఎవరితోనూ పొట్ట రుద్దించి తిప్పించకండి, దండం పెడతాను.

చేస్తుండగా పొట్ట రాయిలా గట్టిపడింది. ఏమిటది?

ఒకటి రెండుసార్లు గట్టిపడి, నీళ్ళు తాగి పక్కకి తిరిగి పడుకుంటే పోయిందంటే దొంగనొప్పులు. క్రమం తప్పకుండా వస్తూ బలపడుతుంటే, అదీ ముప్పై ఏడు వారాలు నిండకముందైతే, ఆసుపత్రికి బయల్దేరండి. రక్తం, నీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ఛాతీలో నొప్పి, వీటిలో ఏదున్నా తెల్లారేదాకా ఆగొద్దు. బండి లేకపోతే 108.

సీమంతం అయ్యాక పుట్టింటికి వెళ్తున్నాను. మధ్యలో ఆగిపోతుందే?

వెళ్ళే ముందు వారం మీ అమ్మగారిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. నేర్చుకున్నవి ఇరవై నిమిషాల్లో చేసుకునేలా కాగితం మీద రాసిస్తాను. స్కాన్లు, రిపోర్టులు ఒరిజినల్స్ ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి, కొత్త డాక్టరుకి అవే మొదట కావాలి.

## నొప్పులు, కాన్పు

ఆ నొప్పుల్లో ఊపిరి ఎవరికి గుర్తుంటుంది మేడం?

నేర్చుకుని వదిలేస్తే గుర్తుండదు, రోజూ చేస్తే ఒంటికే గుర్తుంటుంది. నొప్పి ఒక్కసారిగా మీద పడదు, కొండ మెట్లు ఎక్కినట్టు పెరుగుతుంది, పైన కాసేపు ఉంటుంది, మళ్ళీ దిగుతుంది. అంతా కలిపి నిమిషం. ఆ తర్వాత రెండు మూడు నిమిషాలు ఏమీ ఉండదు, ఆ ఖాళీలో కూడా వచ్చేదాన్ని తలుచుకుని బిగుసుకుపోతే ఒళ్ళు అలిసిపోతుంది. నొప్పి మొదలవగానే ముక్కుతో నాలుగు లెక్కపెట్టి పీల్చండి, నోటితో ఆరు లెక్కపెట్టి వదలండి. వదిలేది పొడుగ్గా ఉండాలి, అసలు కిటుకు అదే. దవడ బిగపట్టకండి. భుజాలు చెవుల దగ్గరికి పోతుంటే కిందికి వదిలేయండి. ఊ అనో ఓం అనో అమ్మా అనో శబ్దం చేయండి, సిగ్గుపడకండి.

లెక్క తప్పినా ఫర్వాలేదు, వదలడం మర్చిపోకపోతే చాలు. ఇవన్నీ చేసినా భరించలేకపోతే ఎపిడ్యూరల్ అడగండి, నొప్పి తగ్గే మందు అడిగితే యోగా ఓడిపోయినట్టు కాదు.

నొప్పులప్పుడు పడుకునే ఉండాలా?

అంతా బాగుంటే నిలబడటం, నడవటం, కూర్చోవడం మంచిది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో కూడా ఇది ఉంది. మంచం పట్టుకుని ముందుకి వాలి నడుం అటూ ఇటూ ఊపడం, నాలుగు కాళ్ళ మీద మార్జాలాసనంలో ఉండటం చాలామందికి హాయినిస్తుంది. మీ ఆసుపత్రిలో లేవనిస్తారో లేదో, లోపలికి ఒకరిని రానిస్తారో లేదో ఎనిమిదో నెల్లోనే అడిగి తెలుసుకోండి.

మా ఆయన ఏం చేయాలి?

నొప్పి వచ్చినప్పుడు నడుం కింద, వెన్ను చివర అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. "ఊపిరి వదులు" అని మెల్లగా గుర్తుచేయాలి, నీళ్ళు అందించాలి, ఫోన్ పక్కన పెట్టాలి. ఇవి ముందే క్లాసుకి వచ్చి ఒక ఆదివారం నేర్చుకోవచ్చు, వచ్చినవాళ్ళు సిగ్గుపడుతూ వస్తారు, వెళ్ళేటప్పుడు ప్రశ్నలు అడుగుతూ వెళ్తారు.

ఆసుపత్రికి ఎప్పుడు బయల్దేరాలి?

తొలి కాన్పు అయితే నొప్పులు ఐదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషం చొప్పున, గంటసేపు అలాగే వస్తున్నప్పుడు. రెండో కాన్పు అయితే ఇంకా ముందే. నీరు పోయినా, రక్తం కనపడినా, బిడ్డ కదలికలు తగ్గినా లెక్కలు పెట్టకుండా వెంటనే. గుంటూరు, మంగళగిరి వైపు నుంచి బెజవాడ ఆసుపత్రికి రావాల్సినవాళ్ళు సాయంత్రం పూట వారధి దగ్గర ట్రాఫిక్ గుర్తుంచుకుని గంట ముందే బయల్దేరండి.

సిజేరియన్‌కి డేట్ ఇచ్చేశారు. ఇన్నాళ్ళు చేసిందంతా దండగేనా?

దండగ ఎందుకవుతుంది? నా రెండో కాన్పు డేట్ ఇచ్చి చేసిన సిజేరియనే, అప్పుడు నాకు ఉపయోగపడినవి చెబుతాను. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు వీపు విల్లులా వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, కదలకుండా ఉండమంటారు, అది అచ్చం మార్జాలాసనంలో వీపు పైకి లేపడమే, కూర్చుని చేస్తామంతే. టేబుల్ మీద చేతులు వణుకుతుంటే ఊపిరి పొడుగ్గా వదులుతూ ఉన్నాను, బిడ్డ ఏడుపు వినపడేదాకా. మర్నాడు మంచం దిగేటప్పుడు తిన్నగా లేవకుండా పక్కకి దొర్లి, చేత్తో తోసుకుని లేచాను, క్లాసులో పడక నుంచి లేచేది అలాగే కదా. దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలి.

కాన్పు ఎలా జరిగినా బిడ్డని కన్నది మీరే. "అయ్యో, పెద్దాపరేషనా" అని చూడ్డానికి వచ్చినవాళ్ళు అంటే పట్టించుకోవద్దు.

## కాన్పు తర్వాత

మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

ఊపిరి, పాదాలు తిప్పడం, గదిలో నడక మొదటి రోజుల నుంచే. ఆసనాలు నార్మల్ అయితే ఆరు వారాల చెకప్ తర్వాత, సిజేరియన్ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలకి డాక్టరు కుట్టు చూసి సరేనన్నాక. పొట్ట మీద బరువు పడేవి మూడు నెలలు దాటాకే.

దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోంది, ఎవరికి చెప్పాలో తెలియట్లేదు.

చాలామందికి ఉంటుంది, ఎవరూ చెప్పరు. కటి కింది కండరాలు సాగి బలహీనపడటం వల్ల వస్తుంది. గ్యాస్ పోకుండా ఆపుకుంటున్నట్టు ఆ కండరాన్ని పైకి బిగించి, ఐదు లెక్కపెట్టి, పూర్తిగా వదలండి. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. పాలిచ్చేటప్పుడు చేసుకుంటే మర్చిపోరు. మూడు నెలలు శ్రద్ధగా చేసినా తగ్గకపోతే డాక్టరుకి చెప్పండి, దీనికి ఫిజియోథెరపీ ఉంది.

పొట్ట తగ్గట్లేదు, గుడ్డ కట్టుకోనా?

నడుముకి ఆసరాగా ఉంటే కట్టుకోండి, ఊపిరాడనంత బిగించకండి. పొట్ట మధ్యలో కండరాలు విడిపోయి ఉంటాయి, అవి దగ్గరికి రావడానికి నెలలు పడుతుంది. ఇప్పుడే పడుకుని లేచే కసరత్తులు చేస్తే మధ్యలో ఉబ్బు ఇంకా పెరగొచ్చు.

పసిబిడ్డతో క్లాసుకి రావొచ్చా? వదిలి రావడానికి ఎవరూ లేరు.

తీసుకురండి. పాలు పట్టి, డైపర్ మార్చి రండి, ఒక పల్చటి దుప్పటి వెంట తెచ్చుకోండి. ఏడిస్తే మధ్యలో ఆపి పాలివ్వండి, ఎవరూ ఏమీ అనుకోరు, కిటికీ పక్కన గోడవారన రెండు దిండ్లు వేసి ఉంచేది అందుకే.